ఒక గంటసేపు మూసిన వీధి

రాజ్యాలేలిన ప్రభువులకు సైతం దక్కని అధికారం ఒకటి ఈ కాలపు గుమాస్తాకు దక్కింది: కూర్చున్న కుర్చీలోంచి లేవకుండా వీధిని మూసివేయగల అధికారం. పూర్వం అందుకు భటులు కావాలి, దండోరా కావాలి, కనీసం చిన్నపాటి యుద్ధమైనా కావాలి. ఇప్పుడు బొటనవేలు చాలు.

ఆ బొటనవేలు గల మహానుభావుడు రికార్డుల గదిలో గుమాస్తా. ఆఫీసులో ఆయన మాట అటెండరు కూడా చెవిన పెట్టడు. దారి చూపే యాప్‌లో మాత్రం ఆయన చక్రవర్తి. గుంత కనబడితే గుంత అని, లారీ ఆగితే లారీ అని నాలుగేళ్లుగా ఒక్కటీ వదలకుండా నమోదు చేసినందుకు యాప్ వారు ఆయన బొమ్మ నెత్తిన చిన్న బంగారు కిరీటం పెట్టారు. ఊళ్లో అలాంటిది మరొకటి లేదు. మామూలు మనిషి పెట్టిన కబురును యాప్ పదిమందిని అడిగి గాని నమ్మదు. కిరీటధారి మాటను వెంటనే శిరసావహిస్తుంది.

ఆ ఉదయం ఆయన సెలవు పెట్టాడు. అక్క వస్తోంది. మూడేళ్ల కిందట, తండ్రి మంచాన ఉన్నప్పుడు, ఆసుపత్రి వరండాలో అందరి ముందూ అక్కతో “చుట్టంచూపుగా వచ్చావు, చుట్టంలాగే వెళ్లు” అన్నాడు. ఆవిడ అలాగే వెళ్లింది, మళ్లీ తమ్ముడి గుమ్మం తొక్కలేదు. ఇప్పుడు కూతురి దగ్గర ఉండిపోవడానికి దూరదేశం పోతోంది. ఒంటిగంటకు రైలు. పదకొండు నుంచి పన్నెండు దాకా వచ్చి కూర్చుంటానని తనంతట తానే ఫోను చేసింది. ఆ గంటలో చెప్పవలసిన వాక్యాన్ని గుమాస్తా ఏడుసార్లు చిత్తు రాసి, చివరికి ‘పొరపాటున’ అన్న మాట కొట్టేసి, కంఠస్థం చేశాడు.

చిక్కల్లా ఒక్కటే. అక్కకు కుడిచెవి బొత్తిగా వినపడదు, ఎడమచెవి సగమే. వీధి చూస్తే హారన్ల సంత. అది అడ్డదారి అని యాప్‌కు చూపిన ఘనుడూ ఆయనే. పొద్దున ఆఫీసుకు బయలుదేరేటప్పుడూ, సాయంత్రం తిరిగొచ్చేటప్పుడూ గేటు దాటడమే గండం. అరిచి చెప్పే క్షమాపణ ఆజ్ఞలా ఉంటుంది కాని క్షమాపణలా ఉండదని ఆయన అభిప్రాయం.

“కిటికీలు మూసుకుంటే పోయేదానికి వీధి మూయడం దేనికండీ?” అంది భార్య.

“కిటికీలు మూస్తే ఆవిడకి ఊపిరాడదు. మా అక్క సంగతి నీకేం తెలుసు?”

“నాకు తెలుసు. మీకే తెలీదు. తెలిస్తే ఆ మాట అనేవాళ్లా?”

ఆయన ఫోను తీశాడు. కారణం ఎంచుకోమంది యాప్. ప్రమాదమంటే అశుభం, వరద అంటే అతిశయోక్తి. ‘తవ్వకం’ నొక్కాడు. అప్పటికి పదిన్నర. మరుక్షణం నుంచే వీధి మౌనవ్రతం పట్టింది. తన మహిమకు తానే నివ్వెరపోయాడు.

పదకొండుంపావుకు ఫోను మోగింది.

“ఒరేయ్, మీ వీధి తవ్వేశారటగా! బజారు మీదుగా తిప్పాడు డ్రైవరు. ఇక్కడ ఇరుక్కుపోయాం.”

“తవ్వలేదక్కా! ఏమీ లేదు, తిన్నగా వచ్చెయ్!”

అవతల ఫోను చేతులు మారింది. “సార్, కిరీటం ఉన్నాయన పెట్టాడండీ. మూడేళ్లుగా ఆయన మాట పట్టుకునే బండి నడుపుతున్నా. ఒక్కసారీ తప్పలేదు.”

ఆ కిరీటం నాదేనయ్యా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అయితే ఒక నేరానికి క్షమాపణ చెప్పబోతూ ముందుగా మరో నేరం ఒప్పుకుంటే మొదటిదానికి మర్యాద ఏముంటుంది? మింగేశాడు. ఫోను పెట్టేసి కబురు చెరిపేయబోతే, ఇరుగుపొరుగువారు పదకొండుమంది ధ్రువీకరించారు కనుక ఒక్కరి మాట మీద తీయడం కుదరదంది యాప్.

ఎదురింటి దర్జీ దగ్గరికి పరుగెత్తాడు. “ఏమయ్యా, ఎక్కడ తవ్వారని అవునని నొక్కావు?”

“ఇంకా మూసే ఉందా అని యాప్ అడిగిందండీ. పెట్టింది తమరు. తమరి మాట కాదంటామా? మావాళ్లందరి చేతా నొక్కించాను.”

ఇంతలో మునిసిపాలిటీ బండి వచ్చి ఆగింది. ఇద్దరు దిగి, వీధి మొగలో అడ్డంగా ఎర్రబోర్డు నిలబెట్టారు.

“ఇక్కడ తవ్వకం లేదు బాబూ. చూడండి, రోడ్డు నున్నగా ఉంది!”

“ఫోనులో ఉందండీ. మా ఆఫీసు కాగితాల్లో లేదు. మా పర్మిషన్ లేకుండా ఎవరు తవ్వారో తేలేదాకా దారి మూసి ఉంచమన్నారు మా ఇంజనీరుగారు.”

అంతవరకు అబద్ధంగా మూసి ఉన్న వీధి ఆ క్షణాన నిజంగా మూతపడింది.

గుమాస్తా చెప్పులు కూడా చూసుకోకుండా బజారుకు పరుగెత్తాడు. స్కూలు బస్సుకూ నీళ్ల ట్యాంకరుకూ నడుమ అక్క కారు దొరికేసరికి పన్నెండు కావస్తోంది. ఆ మహాసమ్మర్దానికంతటికీ తానే కర్తనని, ఊరి వాహనాలన్నీ తన వీధినుంచి తరిమివేయబడి ఇక్కడ గుమికూడాయని తలచి కుమిలిపోతూ, అక్కకు ఎడమపక్కగా సర్దుకు కూర్చున్నాడు. ఆవిడ జుట్టు పూర్తిగా తెల్లబడింది.

“అక్కా, ఆ రోజు ఆసుపత్రిలో నేను...”

ట్యాంకరు హారను కొట్టింది. బస్సు బదులిచ్చింది.

“ఏంట్రా?”

“ఆసుపత్రిలో! నేనన్న మాట!”

“ఏమీ వినపడటం లేదురా. చిక్కిపోయావేం?”

ఆయన మళ్లీ నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే బస్సు వెనక్కి జరిగింది, ముందున్న వరస కదిలింది.

“సార్, దిగుతారా? ఇప్పుడు తిన్నగా స్టేషనుకు పోతే తప్ప రైలందదు,” అన్నాడు డ్రైవరు.

దిగాడు. కంఠస్థం చేసిన వాక్యం గొంతులోనే ఉండిపోయింది. కళ్లలో నీళ్లు చూసి, అక్క కిటికీలోంచి చెయ్యి చాచి ఆయన చెంప తట్టింది.

“పిచ్చివాడా, ఎందుకురా ఏడుస్తావు? నీ తప్పేముంది ఇందులో? ఎవరో వీధి తవ్వితే నువ్వేం చేస్తావు?”

మూడేళ్లుగా ఏ మాట కోసం ఎదురుచూశాడో ఆ మాటే దొరికింది, మరో నేరానికి. అదీ తాను చేసిన నేరానికే. కారు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూ నిలబడ్డాడు.

తవ్వినవారెవరో తేలక సాయంత్రానికి మునిసిపాలిటీ వారు బోర్డు ఎత్తుకుపోయారు. యాప్‌లోనూ వీధి తెరుచుకుంది. మర్నాడు గుమాస్తా మళ్లీ సెలవు పెట్టి, వరండాలో కుర్చీ వేసుకుని, ఆఫీసుకు పోయేవాళ్ల హారన్లన్నీ సద్దుమణిగాక కూడా లేవకుండా కూర్చున్నాడు. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో, ముందురోజు తప్ప, పనిదినాన ఆ వేళ ఇంటిపట్టున ఉండి ఎరగడు.

పదకొండు నుంచి పన్నెండు దాకా ఆ వీధిన, బెల్లు లేని సైకిలు ఒకటి వెళ్లింది.