లేదనకూడని వెబ్‌సైటు

2008 వేసవిలో, ఆ శుక్రవారం ఉదయం నాగశ్రీ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి కొట్టుకు వెళ్లడం, వెబ్‌సైటుకు లాగ్ అమర్చడం, ఒంటిగంటకు ఇంటికెళ్లి భోంచేయడం. మూడు నెలలు చూసి చెబుతానని ఆమెను పనిలో పెట్టుకున్న బండల వ్యాపారి అనంతయ్య, ఆ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో సాయంత్రానికి తేల్చాలి. కడపలో కంప్యూటరు చదివినవాళ్లకు ఉద్యోగమంటే హైదరాబాదు బస్సెక్కడమే. సొంత ఊళ్లో దొరికిన ఈ ఒక్క కుర్చీని వదులుకోవడం ఆమెకు ఏమాత్రం ఇష్టం లేదు.

లాగ్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. వెబ్‌సైటుకు ఎవరొచ్చారు, ఏ పేజీ అడిగారు, దొరికిందా, తప్పేమైనా జరిగిందా అన్నది ఎప్పటికప్పుడు వరుసగా రాసుకునే చిట్టా. నాగశ్రీ దాన్ని తెర మీద చూపించబోతే అనంతయ్య తల అడ్డంగా ఊపాడు.

"తెర మీద రాసింది కరెంటు పోతే పాయె. కాగితం మీద పడాల పాపా."

కాగితం మీద పడనిదేదీ నమ్మని మనిషి వెబ్‌సైటు ఎందుకు పెట్టించాడని అడగకూడదు. ఎదురుకొట్టు కంబన్న పెట్టించాడు కాబట్టి పెట్టించాడు. నాగశ్రీ బిల్లులు కొట్టే పాత ప్రింటరును లాగ్‌కు తగిలించింది.

పదిన్నరకు ప్రింటరు కర్రుమంది. ఎవరో ఒక్కొక్క బండ పేజీనే తీరిగ్గా చూసుకుంటూ పోతున్నారు. పదకొండో వరుసలో వాళ్లు అడిగిన పేజీ సైటులో లేదు. 'లేదు' అని అచ్చయింది.

అనంతయ్య ముఖం మాడిపోయింది. బియ్యం అయిపోతే 'నిండుకున్నాయి' అనే ఇంట్లో పుట్టినవాడాయన. ఆ కొట్టులో 'లేదు' అనే మాట వినబడి ముప్పై ఏళ్లయింది. లేని రాయి అడిగినవాళ్లకు కూడా కుర్చీ వేసి, టీ తెప్పించి, రేపు వస్తుందని చెప్పి పంపేవారు.

"బోణీ వేళ లేదంటాదా? ఎవరు నేర్పినారు దానికి?"

"నేనే సార్. లేనిది లేదని చెప్పాల గదా."

"నువ్వు పని చేస్తాండేది యాపారంలో, కోర్టులో కాదు. ఏది అడిగినా 'ఉంది, రండి' అనాల. మార్చు."

"ఆ వచ్చింది మనిషి కాదు సార్. ఇంటర్నెట్‌లో పేజీలన్నీ చదువుకుంటా తిరిగే మిషను. అమెరికాదది."

"మిషను ఊరికే తిరుగుతాదా? దాని ఎనకాల ఆసామి ఉండడా?"

సాయంత్రం తేలాల్సిన ఉద్యోగం గుర్తొచ్చి, తప్పని తెలిసీ నాగశ్రీ మార్చేసింది.

ఆ 'ఉంది, రండి' పేజీ అడుగున మరికొన్ని పేజీలకు దారులు, అంటే లింకులు, ఉన్నాయి. ఉన్న పేజీ నుంచే దారి లెక్కించుకునే లింకులవి కాబట్టి, లేని పేజీలోంచి చూస్తే ఆ దారులూ లేని పేజీలకే పోతాయి. మిషను వాటిని అడిగింది. ఉంది రమ్మంది వెబ్‌సైటు. లోపలికెళితే ఇంకొన్ని దారులు. ఇక దానికి పని దొరికింది. పన్నెండు గంటలకల్లా ఒక కట్ట కాగితం అయిపోయింది, రెండోది ఎక్కించారు. ఆ చప్పుడులో నాగశ్రీకి తన ఉద్యోగం ఊడుతున్న శబ్దమే వినిపిస్తోంది.

అనంతయ్యకు మాత్రం పండగలా ఉంది. క్వారీకి ఫోను చేసి, అమెరికా బేరం తగిలింది, రాయి ఎవరికీ ఇవ్వొద్దన్నాడు. తర్వాత, వ్యాపారంలో తన సంతోషాన్ని పంచుకోదగ్గ ఏకైక ప్రాణమిత్రుడు శత్రువే కాబట్టి, కంబన్నను పిలిచి కూర్చోబెట్టాడు.

"ఒకే మనిషప్పా. పొద్దున్నుంచి నాలుగువేల సార్లు అడుగుతాండాడు."

"ఇంత ఓపికుండే గిరాకీ కడపలో యాడుండాడు!" అన్నాడు కంబన్న, కడుపు మండిపోతుండగా టీ చప్పరిస్తూ.

"సార్, ఇంక ఆ మిషన్ను ఆపుతా," అంది నాగశ్రీ.

"గిరాకీని ఆపుతావా? శానా బాగుండాది నీ తెలివి!"

మూడు గంటలకు కొట్టు ముందు ట్రాక్టరు ఆగింది. అందులోంచి కమలాపురం చర్చి పెద్ద రాహేలమ్మ, ఆమె వెనక రాళ్లు మోయడానికి ఆరుగురు మనుషులు దిగారు.

"శెట్టీ, తెల్ల పాలరాయి యాడ? ఎత్తిస్తాము."

అనంతయ్య నల్లబండలు తప్ప ఇంకో రాయి అమ్మిన పాపాన పోలేదు. అయినా అలవాటు కొద్దీ కుర్చీ లాగాడు. "కూర్చోమ్మా, టీ తాగు. రేపు వస్తాది."

"రేపేంది? మధ్యాన్నం మా ఏసేపు నెట్ సెంటర్‌లో మీ సైటు తెరిచి, తెల్ల పాలరాయి ఉండాదా అని కొట్టి చూసినాడు. 'ఉంది, రండి' అనింది. బాడుగ ట్రాక్టరు తెచ్చినాము. ఎల్లుండి మందిర ప్రతిష్ఠ. ఉండాదా, లేదా?"

నాగశ్రీ గబగబా కాగితాల కుప్ప తిరగేసింది. ఉంది. పన్నెండూ ఇరవైకి, వేల వరుసల నడుమ, 'తెల్ల పాలరాయి' అని ఒక్క వరుస. ఆ రోజు మొత్తానికి వెబ్‌సైటుకు వచ్చిన నిజమైన మనిషి ఏసేపు ఒక్కడే. ఆమె ఆ వరుసను చూపించింది. అనంతయ్య దాన్ని రెండుసార్లు చదివాడు. కాగితం మీద పడింది కాబట్టి నమ్మక తప్పలేదు.

"ఉండాదా, లేదా?" అని మళ్లీ అడిగింది రాహేలమ్మ.

అనంతయ్య ఆ కాగితాన్ని మడిచాడు. "లేదమ్మా," అన్నాడు.

కంబన్న టీ గ్లాసు కింద పెట్టాడు. "మా కొట్లో ఉండాదక్కా, రా," అంటూ లేచాడు. ట్రాక్టరు రోడ్డు దాటింది. దాన్ని సాగనంపుతున్నట్టు ప్రింటరు ఇంకా కొడుతూనే ఉంది.

నాగశ్రీ ఏడుపు ఆపుకుంటూ సంచీ భుజాన వేసుకుంది.

"యాడికి పోతాండావు?" అన్నాడు అనంతయ్య నీరసంగా. "ముందు మాదిరే పెట్టు. లేనిది లేదని అదే చెప్పనీ. నా నోటితో ఇంకోసారి అనిపించొద్దు తల్లీ. సోమవారం నుంచి నీ ఉద్యోగం ఖాయం."

ఆ విధంగా, 'లేదు' అనడానికి నెలజీతం మీద మనిషిని పెట్టుకున్న మొట్టమొదటి కొట్టుగా కడప బండల బజారులో అనంతయ్య కొట్టుకు పేరొచ్చింది.