ఎలుగుబంటి నిద్రపోకూడదు

ఆ సోమవారం పొద్దున డిజైనరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పిల్లల కోసం తను తయారుచేస్తున్న ఆటను ఇంట్లో ఉన్న ట్యాబులో, అమ్మ ఫోనులో, పాత కంప్యూటరులో పెట్టి, మూడు తెరల మీదా బొమ్మ సరిగ్గా కనబడుతోందో లేదో చూసుకుని తొమ్మిదికల్లా ఆఫీసులో ఉండాలి. ఆటలో కుందేలు, ఉడుతతో పాటు బొద్దుగాడని ఒక ఎలుగుబంటి ఉంది. ముట్టుకుంటే గెంతుతుంది, నవ్వుతుంది. నిమిషం పాటు ఎవరూ ముట్టుకోకపోతే నిద్రపోతుంది. రాత్రి ఎనిమిదికి చెయ్యూపి వెళ్ళిపోతుంది, ఆట మర్నాటి పొద్దుటిదాకా మూతపడుతుంది.

బడికి సెలవులు కావడంతో అయిదేళ్ళ కొడుకు పక్కనే నిలబడి చూస్తున్నాడు. వాడి తాతయ్య పోయి అప్పటికి పదిహేడు రోజులు. పోయాడన్న సంగతి వాడికి మాత్రం ఎవరూ చెప్పలేదు. "తాతయ్య నిద్రపోయాడు నాన్నా, లేపకూడదు" అని ఆ రోజు డిజైనరే చెప్పి వాణ్ణి పక్కింటికి పంపేశాడు. సాయంత్రం వాడు తిరిగొచ్చేసరికి తాతయ్య లేడు, మంచం మీద దుప్పటి మడతపెట్టి ఉంది. చాలా తెలివిగా చెప్పాననుకున్నాడు తండ్రి. పిల్లలకు ఏది ఎలా చెప్పాలో తెలిసినవాడని ఆఫీసులో అతనికి పేరు కూడా ఉంది.

తెరమీద ఎలుగుబంటి ఆవులించింది.

"నాన్నా, వీడు కూడా నిద్రపోతాడా?"

"ముట్టుకుంటూ ఉంటే నిద్రపోడురా" అని డిజైనరు బూట్లు వేసుకుని వెళ్ళిపోయాడు. నిద్రపోయినా ముట్టుకుంటే లేస్తాడని చెప్పడానికి తీరిక లేకపోయింది.

పిల్లాడు ట్యాబు ముందు కూర్చున్నాడు. కాసేపటికి మిగతా రెండు తెరలు గుర్తొచ్చాయి. "నానమ్మా, నీ ఫోనులో వాణ్ణి తడుతూ ఉండు. ఆపొద్దు" అన్నాడు. భర్త పోయిన దగ్గర్నుంచీ గదిలోంచి బయటికి రాని నానమ్మ వచ్చి కూర్చుంది. వాడి తల్లి ఒక చేత్తో బట్టలు మడతపెడుతూ రెండో చేత్తో కంప్యూటరు మౌసు నొక్కింది. పదిహేడు రోజులుగా ఏమీ అడగని పిల్లాడు నోరు విప్పి అడిగాడు. కాదనడానికి ఎవరికీ మనసొప్పలేదు.

ఇక ఆఫీసు సంగతి. ఆటను పరీక్షించడానికి మొత్తం నలభై తెరల మీద పెట్టారు. పిల్లల పేర్లు, ఇళ్ళ వివరాలు తీసుకోకూడదని నియమం, అంకెలు మాత్రమే వస్తాయి. అంతకుముందు వారం రోజుకు సగటున నాలుగు నిమిషాలు ఆడారు. మంగళవారం పొద్దున చూస్తే ఆ సగటు యాభై ఏడు.

"పిల్లలు ఎగబడుతున్నారయ్యా" అన్నాడు మేనేజరు. "మూడు తెరలైతే పొద్దుణ్ణుంచి ఎనిమిదిదాకా వదల్లేదు. నిమిషం తిరక్కుండా ముట్టుకుంటున్నారు. అంటే ఏంటి? వాళ్ళకి ఆ నిద్ర తెగ నచ్చింది."

నిద్రపోకముందే ముట్టుకుంటున్నారు కదా, నచ్చడమేమిటని డిజైనరు అడగవలసింది. కానీ తన్ను పొగుడుతున్నప్పుడు ఎవరు మాత్రం అడ్డు ప్రశ్నలు వేస్తారు? కుందేలునూ ఉడుతనూ ఆటలోంచి తీసేశారు. నిద్ర గడువును ఇరవై సెకన్లకు దించారు. దాంతో బుధవారం ఇంట్లో ఎవరికీ ఊపిరి సలపలేదు. నానమ్మ వేలికి గుడ్డ చుట్టుకుంది. వాళ్ళు భోంచేసే వేళకు పక్కింటావిడ వంతుకొచ్చింది. డిజైనరు మాత్రం ఆ వారమంతా ఆట మూతపడ్డాకే ఇల్లు చేరుతున్నాడు.

గురువారం పొద్దున భార్య గుమ్మం దాకా వెంటపడింది. "ఏమండీ, ఆ ఎలుగుబంటి గురించి మీతో ఒక మాట..."

"ఆఫీసులోనూ దాని గురించే మాట్లాడుకుంటున్నారు. సాయంత్రం చెప్తా" అన్నాడు. తీరా రాత్రి వాళ్ళు నిద్రపోయాక వచ్చాడు. ఆ రోజే మేనేజరు గడువును పది సెకన్లు చేశాడు.

శుక్రవారం మధ్యాహ్నం అతన్ని డిజైన్ విభాగానికి పెద్దను చేస్తున్నట్టు మేనేజరు ప్రకటించాడు. ఆ ముక్క చెబుదామని అమ్మకు ఫోను చేశాడు. కట్ అయింది. మళ్ళీ చేశాడు, మళ్ళీ కట్. ఏడోసారీ కట్ అయ్యేసరికి ఇంటికి పరుగెత్తాడు.

తలుపు బార్లా తీసి ఉంది. కంప్యూటరు ముందు ముక్కూ మొహం తెలియని మనిషి ఒళ్ళో పానా పెట్టుకుని మౌసు నొక్కుతున్నాడు.

"ఎవరు నువ్వు?"

"ప్లంబర్నండి. సింకు చూద్దామని పదింటికొచ్చా" అన్నాడతను చూపు తిప్పకుండా. "బాబు ఒక్క అయిదు నిమిషాలు కూర్చోమన్నాడు. కళ్ళు మూశాడంటే ఇంక లేవడటండి."

సోఫాలో అమ్మ, నేలమీద ట్యాబుతో భార్య. కళ్ళు వాచిపోయిన పిల్లాడు ముగ్గురి మధ్యా కాలు నిలవకుండా తిరుగుతున్నాడు.

"ఫోనెందుకు తియ్యలేదు?"

"నువ్వు చేస్తే వాడు కనబడట్లేదు నాన్నా. అందుకే నేనే కట్ చేశా."

"నిద్రపోతే పోనీరా. ఏమవుతుంది?"

వాడు తండ్రి వైపు తిరిగాడు. "తాతయ్యని లేపొద్దన్నావు. నేను లేపలేదు. లేపుంటే లేచేవాడు."

ప్లంబరు చెయ్యి ఆగింది. కంప్యూటరులో ఎలుగుబంటి కళ్ళు మూసింది. అటు పరుగెత్తబోయిన కొడుకుని పట్టుకుని డిజైనరు నేలమీద కూలబడ్డాడు.

"తాతయ్య నిద్రపోలేదురా. చనిపోయాడు. నువ్వు లేపినా లేచేవాడు కాదు. నేను లేపి చూశాను నాన్నా. చాలాసేపు లేపాను."

ఆ మాట అతను అంతవరకూ ఎవరితోనూ అనలేదు. నానమ్మ ఫోను పక్కన పెట్టేసింది.

"మరి నిద్రపోయాడని ఎందుకు చెప్పావు?"

"చెప్పడం చేతకాక."

పిల్లాడు మొదటిసారి తాతయ్య కోసం ఏడ్చాడు. తండ్రి అంతకంటే ఎక్కువ ఏడ్చాడు. ప్లంబరు పానా తీసుకుని చప్పుడు కాకుండా వంటింట్లోకి వెళ్ళాడు. మిగతా రెండు ఎలుగుబంట్లు కూడా నిద్రపోయాయి, ఎవరూ పట్టించుకోలేదు.

సోమవారానికి సగటు నాలుగు నిమిషాల లోపుకు పడిపోయింది. నివేదికలో కారణం రాయవలసిన గడిలో డిజైనరు "ఇంట్లో నిజం చెప్పాం" అని రాశాడు. మేనేజరు దాన్ని కొట్టేసి "సాంకేతిక లోపం" అని దిద్దాడు.