బర్రెకు దొరికిన పరదా

సోమవారం పొద్దున ప్రభాకర్ పెట్టుకున్న పని ఒక్కటే. ఇస్త్రీ చేసిన తెల్ల లాల్చీ తొడుక్కుని, గౌలిపురలోని నలుగురు పెద్దల ఇళ్లకు వెళ్లి, ఆదివారం తన ఇంట్లో టిఫిన్‌కు పిలవాలి. టిఫిన్ తిన్నాక ఆ పెద్దలు గల్లీ బోనాల కమిటీకి కొత్త అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. ఆ కుర్చీ కోసం ఆయన పదకొండేళ్లుగా కాచుకుని ఉన్నాడు. ఈ పదకొండేళ్లలో గల్లీలో ఎవరూ ఆయన్ని నలిగిన చొక్కాతో చూడలేదు. నిద్రలో కూడా మడత చెడకుండా పడుకుంటాడని పేరు.

గుండీలు పెట్టుకుంటుండగా ఆయన భార్య రమాబాయికి సైదాబాద్ నుంచి చెల్లెలు ఫోన్ చేసింది.

"అక్కా, ఆదివారం మేం గూడ వస్తున్నం. తొవ్వ కోసమని ఫోన్ల మ్యాప్ తీసిన. మీ ఇల్లు ఫోటోతోని కనవడ్డది. బావ గూడ ఉన్నడు."

"మంచిదే గద."

"మంచిదే. గని బావకు రెండు బనీన్లు కొనియ్యి."

ఎండాకాలంలో ఒకనాడు నెత్తిన కెమెరా పెట్టుకున్న కారొకటి వీధులన్నీ ఫోటోలు తీసుకుంటూ గల్లీలోంచి పోయింది. ప్రభాకర్ ఇంట్లో ప్యాకెట్ పాలు ముట్టరు. పాలవాడు నగేష్ బర్రెను గుమ్మం ముందుకే తోలుకొచ్చి, కళ్లెదుట పితికి పోస్తాడు. ఆ కాసేపూ తాడు పట్టుకునే బాధ్యత ఇంటాయనది. గల్లీ నిద్ర లేవకముందే ముగిసే పని. కారు వచ్చిన ఆ ఒక్క రోజే నగేష్ ఆలస్యంగా వచ్చాడు. దాంతో ఫోటోలో ప్రభాకర్ లుంగీ ఎగగట్టి, గుడ్డ కన్నా చిల్లులే ఎక్కువున్న బనీనుతో, నోటి నిండా పళ్లపొడి నురగతో, తాడు పట్టుకుని నిలబడ్డాడు. మొహం కనిపిస్తే మసక చేయడం ఆ మ్యాపుల కంపెనీ యంత్రానికి నేర్పిన మర్యాద. అది బర్రె మొహాన్ని ఎంతో శ్రద్ధగా మసక చేసింది. ప్రభాకర్‌ది మొహమని దానికి తోచలేదు.

"బర్రెకున్న ఇజ్జత్ నాకు లేదా?" అన్నాడు ప్రభాకర్, ఫోన్‌లో ఆ ఫోటో చూసి.

"అది నోరు మూసుకొని నిలవడ్డది," అంది రమాబాయి.

పెద్దల సంగతి పక్కన పెట్టి, ప్రభాకర్ గల్లీ మొదట్లో ఉన్న అద్నాన్ సెల్‌ఫోన్ల దుకాణానికి పరుగెత్తాడు.

"అద్నాన్ భాయ్, ఆదివారం లోపల నన్ను మాయం చెయ్యాలె."

అద్నాన్ ఫోటోను పెద్దది చేసి చూశాడు. ఇంకా పెద్దది చేసి మళ్లీ చూశాడు. "మీరొక్కరెందుకు సాబ్, ఇల్లు మొత్తం మసక చేపిస్త. కంపెనీకి రాస్తే చేస్తరు. గని ఒక్కసారి చేసినంక మల్ల తియ్యరు. సోంచాయించుకోండ్రి."

"తియ్యకుంటే ఇంకా మంచిది. రాయి."

గురువారానికి పని అయిపోయింది. మ్యాపులో గల్లీ అంతా అద్దంలా ఉంది, మధ్యలో ప్రభాకర్ ఇల్లొక్కటే పొగ పట్టినట్టు ఉంది. ఆయన నెమ్మదిగా వెళ్లి నలుగురు పెద్దలనూ పిలిచి వచ్చాడు.

శుక్రవారం నగేష్ పాలతో పాటు ఈ సంగతి కూడా ఇంటింటికీ పోశాడు. "ప్రభాకర్ సార్ ఇల్లు మ్యాప్‌ల మూసేసిండ్రంట" అన్నాడు మొదటి ఇంట్లో. రెండో ఇంట్లో వరమ్మ, "ఉత్తగనే మూస్తరా? లోపట ఏదో ఉన్నది" అంది. మూడో ఇంటికి చేరేసరికి ఆ ఏదో కాస్తా సొరంగమైంది. చార్మినార్ నుంచి గోల్కొండకు సొరంగం ఉందని తాతల నాటి నుంచి చెప్పుకునే ఊరు ఇది. దాని నోరు ఎక్కడుందో తెలియకపోవడమే ఇన్నాళ్ల కొరత. ఆ కొరత ప్రభాకర్ స్నానాల గది తీర్చింది. చార్మినార్‌కు గోల్కొండ ఒక దిక్కున, గౌలిపుర ఇంకో దిక్కున ఉన్న సంగతి ఎవరికీ అడ్డు రాలేదు. మధ్యాహ్నానికల్లా కిషన్‌బాగ్‌లో ఒకాయన ఆ సొరంగంలో గుర్రం సకిలించడం విన్నాడు. సాయంత్రానికి గుర్రం రంగు కూడా తెలిసింది.

శనివారం జనం రావడం మొదలైంది. కొందరు టార్చిలైట్లు తెచ్చారు, ఒకామె కొబ్బరికాయ తెచ్చింది. "జర జూసి పోతం బాపు," అన్నారు గుమ్మంలో.

"తానం చేస్తున్ననయ్యా," అన్నాడు ప్రభాకర్ స్నానాల గదిలోంచి.

"యాడిదాంక పోయినవు సార్? గోల్కొండ కనవడ్తున్నదా?"

ఆదివారం పెద్దలు వచ్చేసరికి గల్లీలో కాలు పెట్టే జాగా లేదు. కమిటీలో అందరికన్నా పెద్దవాడు శ్రీపాద చేతికర్రతో దారి చేసుకుంటూ గుమ్మం చేరడానికి అరగంట పట్టింది.

"ఏంది ప్రభాకర్ గీ లొల్లి? ఇంట్ల ఏందో దాస్తున్నవంట. గసుంటోనికి అమ్మవారి పని ఎట్ల అప్పజెప్తం?"

పదకొండేళ్ల కుర్చీ కళ్లెదుటే జారిపోతోంది. ప్రభాకర్ గుంపులో అద్నాన్‌ను వెతికి పట్టుకున్నాడు. "మసక తీపియ్యి భాయ్."

"తియ్యరని ఆనాడే చెప్పిన గద సాబ్. గని పాత ఫోటో నా తాన ఉన్నది. మనసు ఖరాబైనప్పుడు చూస్కుందామని దాసుకున్న."

ప్రభాకర్ ఒకసారి పెద్దల వైపు, ఒకసారి జనం వైపు చూశాడు. "ఎంత పెద్దగ అచ్చేపిస్తవు?"

ఇడ్లీలు రెండో విడత అయ్యేలోగా పదడుగుల ఫ్లెక్సీ వచ్చింది. ప్రభాకర్ తన చేతులతోనే దాన్ని గేటుకు కట్టాడు.

"చూడుండ్రి. నేను దాసింది గిదే. సొరంగం లేదు, గుర్రం లేదు."

జనం చాలాసేపు చూశారు. బనీనులో చిల్లులు పదిహేడని కొందరు, పందొమ్మిదని కొందరు తేల్చారు. నగేష్ మాత్రం, "నా బర్రె మొకం ఎందుకు ఖరాబు చేసిండ్రు?" అని తగువుకు దిగాడు.

శ్రీపాద ఫ్లెక్సీ వైపు చూడలేదు. వెనక్కి తిరిగి, గల్లీ ఈ కొస నుంచి ఆ కొస దాకా నిండిన తలల్ని చూస్తున్నాడు.

"పోయిన బోనాలకు ఎందరొచ్చిండ్రు?" అని పక్క పెద్దను అడిగాడు.

"మూడు నూర్లు. గది గూడ ఆటోల మైకు పెట్టి తిప్పితే."

"ఇయ్యాల?"

పక్క పెద్ద లెక్కపెట్టబోయి మానేశాడు.

"మైకు లేదు, కాయితం పంచలే. ఉత్తగ ఇల్లు మూసి ఊరంతటిని పట్టుకొచ్చిండు," అన్నాడు శ్రీపాద. "ఇగ ఎన్నికేంది? కుర్చీ ఎయ్యిండ్రి."

ఫ్లెక్సీ కిందే కుర్చీ వేసి, ప్రభాకర్ మెడలో దండ వేశారు.

మరునాడు పొద్దున, ఉపాధ్యక్ష పదవి ఆశిస్తున్న ఐదుగురు తమ ఇళ్లు మసక చేయించమని అద్నాన్ దుకాణం ముందు వరుస కట్టారు.