ఫ్రిజ్‌లో ఆరు వారాలు

ఆ రోజుకు గుమాస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసుకు సెలవు పెట్టాడు. పది గంటలకు బస్టాండుకు వెళ్లి, చెల్లెలి ఇంటి నుంచి వస్తున్న తండ్రిని తీసుకురావాలి. మధ్యాహ్నం ఇద్దరూ కూర్చుని విత్తనాలు చల్లాలి. అంతే.

ఆ విత్తనాలంటే పెద్దాయనకు ప్రాణం. సర్వేయరుగా కొండలు కొలిచే రోజుల్లో రాళ్ల సందున దొరికిన అడవి చామంతి అది. చొక్కా గుండీ అంత తెల్లపువ్వు, నడుమ పసుపు చుక్క. ఇరవై ఏళ్లుగా ఒకే కుండీలో ఏటా నాలుగైదు పూలు పూసింది. కిందటి వేసవిలో ఆయన ఊళ్లో లేనప్పుడు కొడుకు రోజూ ప్రేమగా నీళ్లు పోసి దాన్ని కుళ్లబెట్టాడు. మిగిలింది చిటికెడు గింజలు. ఆరు వారాలు చలి తగిలితే తప్ప అవి మొలవవు. అందుకని బూడిదరంగు తడి ఇసుకలో కలిపి, డబ్బాలో వేసి, ఫ్రిజ్‌లో పాలగిన్నె వెనక పెట్టి మూత మీద రాశాడు: "నాన్నగారివి. ఆరు వారాలు. పదిహేనో తేదీ దాకా కదపవద్దు." ఇవి కూడా పోతే తండ్రికి ముఖం ఎలా చూపించాలన్నదే అతని బెంగ.

ముందురోజు సాయంత్రం బావమరిది దిగాడు. అలసటతో ఎవరూ అతనితో పెద్దగా మాట్లాడలేదు. పొద్దున్నే అక్క బడికి పాఠాలు చెప్పడానికి, బావ బస్టాండుకు వెళ్లాక, టీ పెట్టుకుందామని పాలకోసం ఫ్రిజ్ తెరిచాడు. డబ్బా చూశాడు. మూత తీసి చూస్తే లోపల ఉన్నది బూడిదలా కనిపించింది. పెద్దాయన గదిలోకి తొంగిచూస్తే పరుపు చుట్టి ఉంది. తనకు కబురైనా పెట్టలేదని మనసు చివుక్కుమంది. అయినా అక్కను అడిగి ఏడిపించడం ఇష్టంలేక, టేబుల్ మీది డైరీ తీసి పెద్దాయనతో పనిచేసిన పాత ఆఫీసు సర్వేయర్లకు ఫోన్ చేశాడు.

"ఆరు వారాలైందా? మాకొక్క ముక్క చెప్పలేదే," అన్నాడు వాళ్లలో పెద్ద సర్వేయరు.

"బావ మనసు రాక ఫ్రిజ్‌లో పెట్టుకున్నాడండీ. ఇవాళ్టితో గడువు కూడా అయిపోయింది."

"అయితే మనమే కానిచ్చేద్దాం. పాపం, ఆ అబ్బాయి వల్ల కాదు."

రిటైరైన సర్వేయర్లు నలుగురు పూలచక్రంతో వచ్చారు. డబ్బా పట్టుకుని ఏటి ఒడ్డుకు వెళ్లారు. ఎక్కడ కలపాలన్నది తేలక గంటసేపు వాదించుకున్నారు. విసుగెత్తి బావమరిది మూత గట్టిగా లాగాడు. డబ్బా చేజారి ఒడ్డున గులకరాళ్ల మీద బోర్లాపడింది. అతను ఒలికినదాన్ని నీళ్లలోకి నెట్టబోయాడు.

"వదిలెయ్యవయ్యా," అన్నాడు పెద్ద సర్వేయరు. "ఆయనకి ఈత రాదు."

డబ్బా కడిగి, ఇంటికొచ్చి వరసగా కూర్చున్నారు. అప్పుడే, ఆలస్యంగా వచ్చిన బస్సు దిగి, గుమ్మంలోకి పెద్దాయన సంచీతో వచ్చాడు, వెనకే కొడుకు.

"ఎవరు పోయారు?" అన్నాడు పెద్దాయన, పూలచక్రం చూసి.

"నువ్వే," అన్నాడు పెద్ద సర్వేయరు. "ఇప్పుడే నీ నిజాయితీ గురించి చెప్పుకుంటున్నాం."

"అదేదో ఉద్యోగంలో ఉన్నప్పుడు చెప్పుంటే ప్రమోషన్ వచ్చేది."

ఈలోగా గుమాస్తా ఫ్రిజ్ తెరిచాడు.

"నువ్వేం కంగారు పడకు బావా. అంతా పద్ధతిగానే చేశాం," అన్నాడు బావమరిది.

సంగతంతా విన్నాక గుమాస్తా వంటింటి నేల మీదే కూలబడ్డాడు. తిట్టడానికి కూడా ఓపిక లేకపోయింది. అందరూ మళ్లీ ఏటికి వెళ్లారు. ఆవగింజలో సగం లేని విత్తనాలను గులకరాళ్ల మధ్య నుంచి ఎవరు ఏరగలరు? పెద్దాయన చాలాసేపు నిలబడి చూసి, "ఎవరూ ముట్టుకోకండి," అని వెనక్కి తిరిగాడు. వారం రోజులు కొడుకుతో మాట్లాడలేదు.

మరుసటి ఏడు ఆ ఒడ్డున బారెడు మేర అడవి చామంతి తెల్లగా పూసింది. పెద్దాయన కొడుకును చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చూపించాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నీ తప్పేం లేదురా. ఇరవై ఏళ్లు కుండీలో బంధించి దీన్ని నేనే ఏడిపించాను."

ఆనాటి నుంచి బావమరిది మొక్కల పెంపకం గురించి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ సలహాలిస్తున్నాడు. కాదనే ఓపిక ఇంట్లో ఎవరికీ లేదు.