అర మిల్లీమీటరు

గురువారం పొద్దున నెవిల్ ట్రాస్క్ పెట్టుకున్న పని ఒక్కటే. తన బండికి నాలుగు చక్రాలు బిగించాలి. పది గంటల టీకి ముందే అయిపోతుందని భార్య గ్లెనిస్‌కు చెప్పాడు. ఆమె నమ్మలేదు గానీ టీలోకని ఓవెన్‌లో స్కోన్ రొట్టెలు మాత్రం పెట్టింది.

నెవిల్ ముప్ఫై ఏళ్లు హోర్షమ్ ఊళ్లో బడి బస్సు తోలి మానేసిన మనిషి. తొమ్మిదేళ్ల కిందట సొంతంగా బిగించుకునే కారొకటి తెప్పించుకున్నాడు. పదకొండు పెట్టెల్లో ముక్కలుగా వచ్చింది. ఇద్దరు కూర్చునే, పైకప్పు లేని చిన్న బండి. చట్రం, మడ్‌గార్డులు పెట్టెల్లోనే ఉంటాయి. చక్రాలు, టైర్లు, ఆ చక్రాలు బిగించే హబ్బులు మాత్రం ఎవరికి వారు వెతుక్కోవాలి. ఈ వెతుకులాటలో ఆ బండి తొమ్మిదేళ్లు పెరట్లో రేకుల షెడ్డులో స్టాండ్ల మీదే కూర్చుంది. గ్లెనిస్ కరోలా కారు బయట ఎండలో మాడింది. అక్కడ జనవరి అంటే నడివేసవి, అప్పుడు దాని స్టీరింగు పట్టుకోవాలంటే ఆమె వంటింటి గ్లౌజులు తొడుక్కునేది.

క్రిస్మస్ రోజున ఇద్దరికీ ఒప్పందం కుదిరింది. ఇంట్లో కట్టిన బండి రోడ్డెక్కాలంటే ఇంజనీరు సంతకం కావాలి. స్లావికా అనే ఇంజనీరు ఆరు నెలలకొకసారి మెల్‌బోర్న్ నుంచి వస్తుంది. ఈసారి శనివారం వస్తోంది. సంతకం పడితే షెడ్డు నెవిల్‌ది. పడకపోతే బండిని అమ్మేయాలి, షెడ్డులోకి కరోలా వస్తుంది.

చక్రాలు ఎంచుకోవడానికే నెవిల్‌కు నాలుగు నెలలు పట్టింది. బల్ల నిండా బొమ్మలు పరిచి సలహా అడిగితే గ్లెనిస్ "గుండ్రంగా ఉన్నవి తీసుకో" అనేది. చివరికి అయిదు బోల్టుల వెండిరంగు చక్రాలు కొన్నాడు. కొనేముందు, పాత హోల్డెన్ కారు నుంచి తెచ్చిన హబ్బులను గ్లెనిస్ కుట్టుపని టేపుతో కొలిచాడు. బోల్టుల వలయం నూట ఇరవై మిల్లీమీటర్లు. చక్రాలదీ నూట ఇరవయ్యే.

గ్లెనిస్ స్కోన్లు తెచ్చేసరికి మొదటి చక్రానికి నాలుగు నట్లు ఎక్కాయి. అయిదోది ఎక్కనంటోంది. స్కోన్ల వాసన పట్టుకుని పక్కింటి కోల్ బార్చ్ కంచె దాటి వచ్చాడు.

"ఒరేయ్ నెవ్, ఇవి పాత హోల్డెన్‌వి కదరా! నూట ఇరవై కాదు, నూట ఇరవై పాయింట్ ఆరు. నీ టేపు సాగిపోయింది."

"అర మిల్లీమీటరే కదా. సుత్తితో రెండు తగిలిస్తే?"

"ఎక్కుతుంది. రేపు రోడ్డు మీద నీ చక్రం నిన్ను దాటుకుని ముందుకెళ్లిపోతుంది. చెయ్యూపి సాగనంపు."

"మరేం చెయ్యను?"

"మా పొలంలో తుప్పు పట్టిన కమోడోర్ కారు ఉంది. దాని హబ్బులు ఈ చక్రాలకి సరిగ్గా సరిపోతాయి. ఇంకో స్కోన్ ఇటివ్వు."

హబ్బులు మార్చేసరికి శుక్రవారం మధ్యాహ్నమైంది. ఈసారి అయిదు నట్లూ ఎక్కాయి. మిత్రులిద్దరూ చేతులు కలుపుకున్నారు. తీగమీద దుప్పట్లు ఆరేస్తున్న గ్లెనిస్ ఒకసారి ఇటు చూసింది.

"టైర్లు బయటికి తొంగి చూస్తున్నాయేంటి?"

నెవిల్ వంగి చూశాడు. కొత్త హబ్బులు మందంగా ఉండి చక్రాలను రెండు వేళ్లు బయటికి నెట్టాయి. టైరు మడ్‌గార్డు దాటితే స్లావికా సంతకం పెట్టదు. ఆ చక్రాలకు అంతకంటే సన్న టైర్లు ఎక్కవు.

"అయితే మడ్‌గార్డులే పెంచుదాం" అన్నాడు కోల్. వెళ్లి గొర్రెల మందు వచ్చే నీలం ప్లాస్టిక్ పీపాలు రెండు దొర్లించుకుంటూ వచ్చి, రంపంతో నిలువునా కోశాడు.

వరసగా పెట్టిన పీపా ముక్కలను చూసి గ్లెనిస్ మొహం వెలిగింది. "పూలకుండీలా! బండి సంగతి వదిలేశావన్నమాట. మంచి పని చేశావు నెవ్. నువ్వింత తేలిగ్గా ఒప్పుకుంటావనుకోలేదు." అంటూనే లోపలికెళ్లి జెరానియం మొక్కలు ఆరు తెచ్చి పక్కన పెట్టింది. నెవిల్ వెళ్లి ఆ మొక్కలకు నీళ్లు పోశాడు. ఆమె అంత సంతోషంగా కనబడి చాలా రోజులైంది.

శనివారం పొద్దున గ్లెనిస్ కరోలాను తుడిచి, షెడ్డుకు ఎదురుగా తెచ్చి, ఇంజను ఆపకుండా అందులోనే కూర్చుంది. షెడ్డు తలుపులు తెరుచుకున్నాయి. తన పూలకుండీలు ఎర్రరంగు పూసుకుని బండికి నాలుగువైపులా బిగించి ఉన్నాయి.

"నెవిల్!" అంది. పూర్తి పేరుతో పిలిచిందంటే మంచిది కాదు.

"తర్వాత చెప్తా గ్లెన్, ముందు తొయ్యనీ!"

తోశారు. బండి సగం బయటికొచ్చి రెండు స్తంభాల మధ్య ఇరుక్కుంది. పెట్టెల్లో లోపలికెళ్లిన బండి కొత్త హబ్బులతో, కొత్త మడ్‌గార్డులతో తలుపుకంటే లావెక్కిపోయింది. స్లావికా రావడానికి ఇంకా అరగంటే ఉంది.

కోల్ కుడివైపు స్తంభాన్ని వేళ్లతో తట్టి చూశాడు. "ఇది దేన్నీ మొయ్యట్లేదు" అని తేల్చి, కోసేశాడు. పైన దూలం మూలిగింది. "కొంచెం మోస్తున్నట్టుంది" అంటూ దూలం కింద కారు జాకీ ఆనించి బిగించాడు. ఇద్దరూ బండిని బయటికి లాగారు.

స్లావికా వేళకు వచ్చింది. తక్కువ మాటల మనిషి. మడ్‌గార్డు అంచు నుంచి గుండు కట్టిన దారం వేలాడదీసి టైరు ఎక్కడుందో చూసింది. పీపా ముక్కను వేలితో కొట్టింది.

"ఇవి దేంతో చేశారు?"

"ప్లాస్టిక్ అండీ" అన్నాడు నెవిల్.

"గట్టిగానే ఉంది." అయిదేసి నట్లూ లెక్కపెట్టింది. "అన్నీ బాగున్నాయి. ఆఖరుగా ముందు చక్రం ఎత్తండి. హబ్బు వదులుగా ఉందేమో చూడాలి."

నెవిల్‌కు సంతకం కళ్లముందు కనిపించింది. "కోల్, జాకీ! తొందరగా!"

కోల్ పరుగున వెళ్లి జాకీ తెచ్చాడు.

చక్రం పైకి లేచింది. స్లావికా దాన్ని కిందా మీదా పట్టుకుని ఊపింది. కదల్లేదు. మగాళ్లిద్దరూ ఆ చక్రాన్నే చూస్తున్నారు. కరోలా హారన్ ఆపకుండా మోగుతోంది. అప్పుడు తలతిప్పి చూశారు. పడుకోబోయే ఆవులాగా షెడ్డు మొదట ఒక మోకాలు వంచింది, తర్వాత రెండోది, తర్వాత వీపు వాల్చి రేకులన్నీ చప్పుడు చేస్తూ నేలమీద పడుకుంది. దుమ్ము లేచింది. పక్కన పెట్టిన జెరానియం మొక్కలకు ఏమీ కాలేదు.

స్లావికా అటొకసారి చూసింది. తర్వాత కాగితం తీసి బానెట్ మీద పెట్టి సంతకం చేసింది.

"హబ్బులు గట్టిగా ఉన్నాయి. షెడ్డు చూడ్డం నా పని కాదు."

గ్లెనిస్ ఇంజను ఆపి దిగి వచ్చింది. రేకుల గుట్టను చూసింది, భర్త చేతిలో కాగితాన్ని చూసింది.

"ఒప్పందం ఒప్పందమే నెవ్" అంది. "షెడ్డు నీది. తీసుకో." నెవిల్ జేబులోంచి కొత్త బండి తాళం లాక్కుని వెళ్లి డ్రైవర్ సీట్లో కూర్చుంది. "షెడ్డు మళ్లీ నిలబడేదాకా దీన్ని నేను తోల్తా. గాలి బాగా తగుల్తుంది. నువ్వు కరోలాలో రా. గ్లౌజులు ముందు సీట్లో ఉన్నాయి."

సోమవారం వచ్చిన వడ్రంగి కొత్త షెడ్డు తలుపు ఎంత వెడల్పు ఉండాలని అడిగాడు. చక్రాలు ఇంకా ఖాయం చేసుకోలేదని నెవిల్ చెప్పాడు.