పరబ్రహ్మం గారి షట్‌డౌన్

బాగా తిరిగే యంత్రాన్ని చూసి ఊరుకునే మనిషి కాదు పరబ్రహ్మం. భిలాయి ఉక్కు కర్మాగారం రోలింగ్ మిల్లులో మెయింటెనెన్స్ చేసి రిటైరయ్యాడు. ఆయన వచ్చేశాక మిల్లు ఎలా ఉందో తెలియదు గానీ, రుఆబాంధా కాలనీలోని ఆయన ఇంట్లో మిక్సీ, కుట్టుమిషను, గీజరు వరసగా కాలధర్మం చెందాయి. పాపం, అన్నీ బాగా పనిచేస్తున్నప్పుడే ఆయన చేతిలో పడ్డాయి.

ఇక మిగిలింది భార్య కుముదిని వెబ్‌సైటు.

భిలాయిలో పుట్టి హిందీలో కలలు కనే మన పిల్లలకు ఆవిడ వేసవి సెలవుల్లో తెలుగు సంఘం గదిలో తెలుగు నేర్పుతుంది. పేర్లు చేర్చుకోవడానికి రాయపూర్‌లో ఉన్న కూతురు నీలిమ సైటు చేసిపెట్టింది. ఈసారి ఆదివారం మధ్యాహ్నానికి పిల్లలు చాలినంతమంది చేరకపోతే, ఆ గది చదరంగం క్లాసుకి ఇచ్చేస్తామని తెలుగు సంఘం కార్యదర్శి తిరుమలరావు తేల్చి చెప్పేశాడు. కుముదినికి వారం నుంచీ ముద్ద దిగడం లేదు.

అది చూసి పరబ్రహ్మం గుండె కరిగింది. కరిగిన గుండె ఊరికే ఉంటుందా! శుక్రవారం ఆవిడ కూరలకు వెళ్ళగానే కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఫారం చూపించడానికొకటి, ఫొటోలు తిప్పడానికొకటి, సైటు నిండా ప్లగిన్లనే చిన్న ప్రోగ్రాములు బోలెడు. ప్రతిదాని పక్కనా, కొత్తది వచ్చిందని ఎర్రగుర్తు. పాత బేరింగులతో మిల్లు నడుపుతారా ఎవరైనా? అన్నిటికీ ఆటోమేటిక్ అప్‌డేట్ నొక్కేసి, "మీరుండబట్టి గట్టెక్కేనండీ" అనే మాట కోసం చెవులు సిద్ధం చేసుకున్నాడు.

శనివారం పొద్దున్న సైటు తెరిస్తే తెల్ల కాగితం. తీవ్రమైన లోపం వచ్చిందని దాని మీద ఒకే ఒక్క వాక్యం.

పరబ్రహ్మం గొంతు తగ్గించి నీలిమకు ఫోన్ చేశాడు.

"నాన్నా, మైనే బోలా థా నా, ముట్టుకోవద్దని! కొత్తగా మారిందేదో మిగతావాటితో పడక సైటు కూలిపోయింది. మెయిల్‌కి లింకొచ్చుంటుంది, దాన్లోంచి లోపలికెళ్ళు. అన్నీ ఆపేసి, ఒక్కొక్కటే ఆన్ చెయ్యి. దేని దగ్గర పడిపోతే అదే దొంగ. దానికి పాత వెర్షన్ పెట్టు. అమ్మకి చెప్పేవా?"

"మీ అమ్మకెందుకే ఈ బెంగ? ఇది మన డిపార్ట్‌మెంట్ మేటరు."

అన్నీ ఆపేశాడు. సైటు లేచింది, ఫారం మాత్రం లేదు. ఇక దొంగను పట్టాలి. అయితే మిల్లులో ఒక పద్ధతుంది. షట్‌డౌన్ బోర్డు వేలాడదీయకుండా ఒక్క నట్టు కూడా విప్పకూడదు. విప్పితే, తెలియనివాడెవడో అవతల స్విచ్చి వేస్తాడు, ఇవతల చెయ్యి పోతుంది. బోర్డు మీద కారణం ఉండాలి, చేసేవాడి పేరు ఉండాలి. సర్వీసంతా తప్పని నియమం, ఇంట్లో తప్పుతాడా? మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో పెట్టాడు:

"షట్‌డౌన్. కారణం: అప్‌డేట్ వలన సైటు పతనం. పనిచేయువారు: పరబ్రహ్మం. వివరములకు ఫోన్ చేయండి."

కింద నంబరు ముందునుంచీ ఉన్నదే. అది కుముదినిదని ఆయనకు తట్టలేదు.

ఆ పూట నుంచి కుముదిని ఫోను మోగుతూనే ఉంది. మోగినప్పుడల్లా ఆవిడ పెరటి వరండాలోకి వెళ్ళి మాట్లాడి వస్తోంది.

"ఎవరే?"

"మా చెల్లెలు."

"మళ్ళీనా?"

"దానికి కబుర్లెక్కువ లెండి. మీరేటి, పొద్దుట్నించీ కంప్యూటరు ఒగ్గట్లేదు?"

"న్యూస్ చూస్తన్నాను."

"చూడండి, చూడండి. చెమట్లు పట్టే న్యూసల్లే ఉంది."

సాయంత్రానికి దొంగ దొరికింది. ఫారం ప్లగినే. పాతది పెడితే పనిచేసింది. ట్రయల్ చూడకుండా బోర్డు తీయకూడదు గనక రాత్రికి అలాగే ఉంచాడు. కానీ ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపడం మరిచిపోయాడు మహానుభావుడు! తెల్లారేసరికి పాతది తనంతట తానే కొత్తదైపోయి, సైటు మళ్ళీ కూలింది. ఆ తప్పు తెలిసి, సరిచేసేసరికి ఆదివారం సాయంత్రమైంది. సైటు నిలబడింది గానీ గడువు నిలబడలేదు.

తను నేర్పే గది చేజారితే ఈ మనిషి ఏమైపోతుందో అనుకుంటే పరబ్రహ్మానికి కళ్ళు చెమర్చాయి. తిన్నగా వంటింట్లోకి వెళ్ళాడు.

"కుముదినీ, గది పోయిందే. నా వల్లే పోయింది."

"గదెందుకు పోతాదండీ? పిల్లలు పట్టట్లేదని తిరుమలరావు గారు హాలే ఇస్తానన్నారు."

"ఫారమే లేదు కదే! ఎలా చేరేరు?"

"బోర్డు పెట్టింది మీరే కదా. నిన్న పొద్దున్నే కుమ్హారి నుంచి ఒకమ్మాయి, 'ఆంటీజీ, అంకుల్ కా షట్‌డౌన్ కబ్ ఖతమ్ హోగా?' అంటూ, ఎప్పుడైపోతాదని అడిగింది. ఫారం నింపి పోతే వాళ్ళెవరో నేనెవరో. ఫోన్ చేసేరు కాబట్టి పిల్లల్తో కూడా మాటాడేను. ఒక మామ్మగారు ఫోను లాక్కుని, 'మా మనవడు నాతో దెబ్బలాటా హిందీలోనే ఆడతాడమ్మా, ఒక్కసారి తెలుగులో తిట్టించు చాలు' అన్నారు. ఆవిడ ఫారాలు నింపుతారా?"

పరబ్రహ్మానికి సంతోషం, సిగ్గు రెండూ ఒకేసారి వచ్చాయి. "రెండ్రోజుల్నుంచీ తెలిసి, నాకొక్క ముక్క చెప్పలేదేటే?"

"చెప్తే బాగుచేసేద్దురు."

"సర్లే. ఇప్పుడు సైటు భేషుగ్గా ఉంది. బోర్డు తీసేస్తాను."

"తీయకండి. ఇంకా ఫోన్లొస్తన్నాయి."

"పనయిపోయాక బోర్డుంచడం రూల్సుకి విరుద్ధం! పైగా దాని మీద నా పేరుంది. ఊరంతా నవ్వుతారే!"

"నవ్వేకే ఫోన్ చేస్తన్నారు."

అంతలో ఫోను మోగింది. ఈసారి కుముదిని పెరట్లోకి వెళ్ళలేదు. మొగుడి ఎదుటే ఎత్తి, "లేదమ్మా, అంకుల్ ఇంకా చేస్తన్నారు. చాలా రోజులు పడతాది. బాబుకివ్వు, నేను మాటాడతాను" అంది. పరబ్రహ్మం వెళ్ళి, లక్షణంగా పనిచేస్తున్న సైటు ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు.