రెక్కల సింహం, మెలికల ముగ్గు

మునికుమార్ చెయ్యి విరగలేదు. విరిగిందని పెళ్లానికి ఫోన్లో చెప్పాడు, అంతే. ఆ ఒక్క ముక్కకు ఏం జరిగిందో వింటే, మీరు జన్మలో జలుబు చేసిందని కూడా అబద్ధం ఆడరు.

తిరుపతిలో రేణిగుంట రోడ్డు మీద మునికుమార్‌కు ఒక షెడ్డు ఉంది. దాన్ని కార్లు కడిగే షెడ్డంటే ఆయనకు కోపం. నీళ్లు కొడితే వాటర్ సర్వీసు. అదే కారును పొద్దుటి నుంచి సాయంత్రం దాకా లోపలా బయటా చంటిబిడ్డలా నిమిరితే డీటెయిలింగ్. ఘాట్ రోడ్డు మలుపుల్లో పిల్లలు వెనక సీట్లో కక్కిన పులిహోర వాసన వదిలించడం, కొత్త కారుకు పూజలో పెట్టిన బొట్టు చెరగకుండా దాని చుట్టూ పాలిష్ పట్టడం, ఈ రెండు విద్యల్లో ఆయనకు సాటి లేరు. షెడ్డుకు 'మెరుపు' అని పేరు కూడా కుదిరింది. ఇక లోగో ఒక్కటే తక్కువ.

ఆ పని ఫ్లెక్సీల గిరిప్రసాద్ నెత్తినేసుకున్నాడు. చిన్ననాటి స్నేహితుడు. గిరి దగ్గర ఉన్నది ఒకటే సింహం. జిమ్ము వాళ్లొస్తే దాని చేతికి డంబెల్ ఇస్తాడు, ట్యూషన్ సెంటరు వాళ్లొస్తే కళ్లజోడు పెడతాడు. మునికుమార్ కోసమని దానికి రెక్కలు తగిలించి, కారు మీద కూర్చోబెట్టి, తోకలోంచి మెరుపు తెప్పించాడు.

ఆ సాయంత్రం ఇంటి వాకిట్లో నిలబడి ఇద్దరూ ఆ బొమ్మను ఫోన్లో లోకేశ్వరికి చూపించారు. లోకేశ్వరి మునికుమార్ భార్య, పుత్తూరు పిల్ల.

"ఇది కారు తుడిచే అంగడా, సర్కస్ డేరానా?" అందామె.

"సింహమంటే పవర్ మే."

"అంత పవరుండే సింహం మన కాడ కారెందుకు తుడుస్తాది? దానికేం కర్మ?"

"వదినా, రెక్కలు గూడా ఉండాయి సూడు," అన్నాడు గిరి.

"అదే సెప్తాండా. రెక్కలుండేదానికి కారెందుకు?"

గిరి తన సింహం వైపు మొదటిసారి అనుమానంగా చూశాడు.

లోకేశ్వరి లోపలికి వెళ్లి ముగ్గుపిండి డబ్బా తెచ్చింది. వాకిట్లో చుక్కలు పెట్టి, ఒకటే గీత లాగింది. బంపర్ దగ్గర మొదలైన గీత చుక్కల మధ్య మెలికలు తిరిగి, టాపు మీదుగా పోయి, రెండు చక్రాలూ చుట్టి, మళ్లీ బంపర్ దగ్గరికే వచ్చి కలిసింది. చూస్తుండగానే వాకిట్లో కారు నిలబడింది.

"మాసిపోయిన కారు వస్తాది. ఎట్ల పుట్టిందో అట్ల అయి పోతాది. గీత గూడా యాడ మొదలైందో ఆడికే వచ్చింది సూడు. ఎట్లుండాది?" అంది, పిండి చేతులు దులుపుకుంటూ. ఆమె ముఖంలో ఆశ దాగలేదు.

బాగుంది. మునికుమార్‌కు లోపల బాగుందనే అనిపించింది. కానీ పక్కన గిరి ఉన్నాడు. స్నేహితుడి ముందు పెళ్లాన్ని మెచ్చుకుంటే మీసం రాలిపోతుందనుకునే రకం మనవాడు.

"ముగ్గులు వాకిట్లో ఏసుకోమ్మే. బోర్డు సంగతి మొగోళ్లకి ఇడిసిపెట్టు," అని పకపకా నవ్వాడు. గిరీ నవ్వాడు. లోకేశ్వరి నవ్వలేదు.

మర్నాడు పొద్దున సంచీ సర్దుకుంది. "అమ్మకి మోకాలు నొప్పంట. పోయొస్తా," అంది. పోయింది. రావడం మాత్రం మరిచిపోయింది.

వారం గడిచింది, నెల కూడా దాటింది. రోజూ ఫోన్లో మాట్లాడుకునేవాళ్లు. ఆ మాటలు వింటే ఇద్దరు గుమాస్తాలనుకుంటారు.

"గ్యాసు బుక్ చేసినావా?"

"చేసినా."

"పాలాయనకి చెప్పినావా?"

"చెప్పినా."

"సరే మరి."

'ఎప్పుడొస్తావు' అనే మాట రోజూ ఆయన నోటిదాకా వచ్చి పళ్ల దగ్గర ఆగిపోయేది. ఫోన్ పెట్టేశాక ఆ మాటను ఖాళీ వంటింట్లో గట్టిగా అనుకునేవాడు. అక్కడ జవాబిచ్చేది కుక్కర్ ఒక్కటే, అదీ సమయానికి కాదు.

సాయంత్రం ఆమె చూసే సీరియల్ పెట్టుకుని, అందులో ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియకుండానే కూర్చునేవాడు. ఇంట్లో ఆ వేళకు ఆ సీరియల్ పాట వినపడకపోతే ఆయనకు అన్నం దిగేది కాదు. కాఫీ తన ఒక్కడికే పెట్టుకోవడం చేతగాక, రెండు గ్లాసులు పెట్టుకుని రెండూ తనే తాగేవాడు. ఇంత వెలితి ఉంటుందని పెళ్లినాడు ఎవరూ చెప్పలేదు.

వాకిట్లో ఆ కారు ముగ్గు అలాగే ఉండిపోయింది. ఊడ్వడానికి మనసు రాలేదు. దాన్ని తొక్కకుండా గోడవారగా పీతలా పక్కకు నడుచుకుంటూ షెడ్డుకు పోయేవాడు. ఒకనాడు కొండ మీద మబ్బు పట్టింది. వాన పడితే ముగ్గు కొట్టుకుపోతుందని ఆయనకు కాళ్లాడలేదు. పరుగున షెడ్డుకు పోయి ఒక డబ్బా తెచ్చుకున్నాడు. ఆ డబ్బా సంగతి చివర్లో చెబుతాను.

వాన వచ్చి వెలిసింది. లోకేశ్వరి రాలేదు. అప్పుడు పుట్టింది ఆలోచన. రమ్మని బతిమాలితే పరువు తక్కువ. ఆమెంతట ఆమే పరిగెత్తుకు రావాలి. చెయ్యి విరిగిందంటే ఏ భార్య రాదు?

"లోకా, తిన్నావా?"

"తిన్నా. ఏంది పొద్దున్నే?"

"ఏం లేదు... చెయ్యి ఇరిగింది."

"ఏ చెయ్యి?"

"కుడిది. పాలిష్ మిషను తిరగబడి."

"అయ్యో! అయితే ఎంటనే బస్సెక్కల్ల."

మునికుమార్ ఆనందంతో గంతేశాడు. "జాగ్రత్తగా రా మే. కిటికీ పక్కన కూర్చో."

"నేను గాదు, నువ్వు. దేశమంతా ఇరిగిన ఎముకలు మోసుకోని పుత్తూరికొస్తాంటే, నేను పుత్తూరు నించి తిరుపతికొచ్చి ఏం చెయ్యల్ల? మా పెదనాయన కట్టు కడతాడని మర్సిపోయినావా?"

మరిచేపోయాడు. పుత్తూరు అల్లుడై ఉండి ఎముక మీద అబద్ధమాడటం, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ వాడికి నిప్పు లేదని చెప్పడం లాంటిది. ఇక వెనక్కి పోవడానికి దారి లేదు. తువ్వాలు మెడకు కట్టుకుని, అందులో కుడిచెయ్యి పెట్టుకుని బస్సెక్కాడు.

కండక్టర్ ఎక్కడికని అడగలేదు. "పుత్తూరే గదా," అని టికెట్ కొట్టేశాడు. ఒక ముసలామె లేచి సీటిచ్చింది. డబ్బులు తియ్యడానికి కుడిచెయ్యి కావలసి వచ్చి, మునికుమార్ దాన్ని బయటికి లాగి, ఎడమచేతిని తువ్వాల్లో పెట్టాడు. అది అక్కడే హాయిగా నిద్రపోయింది.

పుత్తూరులో అత్తగారింటికి చేరేసరికి, మోకాలు నొప్పి గల అత్తగారు శకుంతలమ్మ వడియాల చేటతో మిద్దె మెట్లు చకచకా ఎక్కుతోంది. అల్లుణ్ని చూసి గభాలున మోకాలు పట్టుకుంది. అబద్ధాల ఖాతాలో తను ఒక్కడే లేనని మునికుమార్‌కు కొంచెం ధైర్యం వచ్చింది.

లోకేశ్వరి కొంగుతో చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. బస్సులో దారంతా సాధన చేసిన మూలుగు మునికుమార్ గొంతులోనే ఉండిపోయింది. నెల నుంచి చెవిలో మోగిన గొంతు ఎదురుగా వచ్చి నిలబడితే మూలగడం ఎవడికి గుర్తుంటుంది?

"నొప్పిగా ఉండాదా?" అని దగ్గరకొచ్చింది.

'ఇప్పుడు లేదు' అనాలనుకున్నాడు. "శానా," అన్నాడు.

"ఫోన్లో కుడి చెయ్యన్నావే?"

మునికుమార్ కిందికి చూసుకున్నాడు. తువ్వాల్లో ఎడమచెయ్యి. "అది... అద్దంలో సూసి చెప్పినా."

లోకేశ్వరి పెదవులు బిగబట్టింది. "పోనీలే. దేనికైనా మంచిది, రెండూ సూపిస్తాం."

పెదనాయన పరంధామయ్య వీధి చివర తన ఇంటి అరుగు మీదే కట్లు కడతాడు. వరసలో నిజంగా కాలు విరిగిన ఒకాయన, మునికుమార్ ముఖం చూసి, "పాపం, నీకే ముందు కానీయప్పా," అని దారి ఇచ్చాడు. సిగ్గుతో మునికుమార్ నిజంగానే మూలిగాడు.

పరంధామయ్య రెండు చేతులూ భుజం నుంచి వేళ్ల దాకా తడిమాడు. అరవాలని మునికుమార్‌కు కొంచెం ఆలస్యంగా గుర్తొచ్చింది. ఆయన చేతులు తీసేసి చెయ్యి కడుక్కుంటుంటే "అబ్బా!" అన్నాడు.

పరంధామయ్య లోకేశ్వరి వైపు చూశాడు. లోకేశ్వరి పైకప్పు వైపు చూసింది.

"శానా లోతు దెబ్బ. రెండింటికీ కట్టల్ల," అన్నాడు ఆయన గంభీరంగా.

"మామా, ఎడమదొక్కటి సాలు..."

"నువ్వు ఎముకలు సదివినావా, నేనా?"

ఆకు పసరు, గుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, వాటి మీద గుడ్డ. కాసేపట్లో మునికుమార్ రెండు చేతులూ ముందుకు చాచి ఉయ్యాల మోస్తున్నవాడిలా బయటికొచ్చాడు. వేళ్ల చివర్లు మాత్రం బయట ఉన్నాయి, అవీ గాలి కోసం.

మధ్యాహ్నం లోకేశ్వరి పళ్లెం తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. చెనిక్కాయల చట్నీ కలిపి, ముద్ద చేసి నోట్లో పెట్టింది. పెళ్లయిన కొత్తలో ఒకసారి ఇలా పెట్టింది. తరువాత పనులు వచ్చాయి, ఆ సంగతే ఇద్దరూ మరిచిపోయారు. మునికుమార్ ఇంకో ముద్దకు నోరు తెరిచాడు. కట్టు పోయేదాకా ఇలాగే ఉంటే చాలనుకున్నాడు. అంతలో ముక్కు దురద పెట్టింది. గీరుకునే దారి లేక స్వర్గం కాస్త తగ్గింది.

అప్పుడే ఫోన్ మోగింది. లోకేశ్వరి దాన్ని ఆయన జేబులోంచి తీసి మాట్లాడింది.

"ఆఁ, గిరన్నా... బోర్డు ఎక్కిచ్చేదా?... ఆయనకి చేతుల్లేవు, నాకే చెప్పు... సింహమేనా? బాగుంటాది. రెక్కలు ఇంగా పెద్దగా పెట్టు. ఆయనకి ఇష్టం."

ఫోన్ పెట్టేసి మళ్లీ ముద్ద కలిపింది. "నీ సింహం ఎక్కుతా ఉండాది. సంతోషమేనా?"

ఆమె గొంతులో వెటకారం లేదు. అలసట ఉంది. అది విని మునికుమార్‌కు ఆకలి చచ్చింది. ఆ సింహం బోర్డెక్కితే ఈ మనిషి తన ఇంటికి రాదు. వచ్చినా, ఆ సాయంత్రం పిండి చేతులతో 'ఎట్లుండాది' అని అడిగిన మనిషి మాత్రం రాదు.

"గిరికి ఫోన్ చెయ్," అన్నాడు.

"ఎందుకు?"

"సింహం వద్దని చెప్పు. నీ ముగ్గు ఎయ్యమను. ఆ పొద్దే బాగుండాది లోకా. గిరి ఉన్నాడని అట్ల నవ్వినా. శానా తప్పు." ఒక్కసారి నోరు తెరుచుకుందేమో, మిగతాది కూడా ఆగలేదు. "చెయ్యి గూడా ఇరగలేదు. ఏదీ ఇరగలేదు. నువ్వు లేకుండా ఆ ఇంట్లో నా వల్ల కాలేదు. రమ్మని అడిగే దానికి నోరు రాలే."

చేతులు కట్టేస్తే గాని మగవాడికి నోరు రాదని అప్పుడే తెలిసింది.

లోకేశ్వరి ముద్ద ఆయన నోట్లో పెట్టింది. "తెలుసు. ఫోన్లోనే తెలిసింది."

"ఎట్ల?"

"చెయ్యి ఇరిగినోడు 'అమ్మా' అంటాడు. నువ్వు 'తిన్నావా' అన్నావు."

మునికుమార్ నమలడం ఆపాడు. "మరి మామ?"

"నేనే చెప్పినా. రెండూ గట్టిగా కట్టు పెదనాయనా, నిజం చెప్పినాక ఇప్పుదువు గానీ అని."

సాయంత్రం పరంధామయ్య కట్లు విప్పుతూ, "ఇంత బిన్నే నయమైన ఎముక నా సర్వీసులో సూళ్లేదు," అన్నాడు. లోకేశ్వరి అప్పటికే సంచీ సర్దుకుని నిలబడింది. మోకాలు నొప్పిని పూర్తిగా మరిచిపోయిన శకుంతలమ్మ బస్టాండు దాకా నడిచొచ్చింది.

బస్సు రేణిగుంట రోడ్డు మీదికి వచ్చేసరికి ఇంకా వెలుగుంది. షెడ్డు మీద బోర్డు ఎక్కి ఉంది. నీలం మీద తెల్లటి ఒకే గీత, మెలికలు తిరిగి కారైంది. కింద 'మెరుపు'. గిరి నిచ్చెన కూడా దించేసి వెళ్లిపోయినట్టున్నాడు.

"ఇంత బిన్నే ఎట్ల చేసినాడు?" అన్నాడు మునికుమార్ నోరెళ్లబెట్టి.

"ఆయన ఆ పొద్దు పోతా పోతా మన ముగ్గును ఫోటో తీసుకోని పోయినాడు. నువ్వు బస్సెక్కినావని తెలియంగానే ఎక్కియ్యమన్నా."

"మరి సింహం, పెద్ద రెక్కలు?"

"నువ్వేమంటావో సూస్తామని. గిరన్నకి ముందే చెప్పి ఫోన్ చెయ్యమన్నా."

"నేను వద్దనకపోయుంటే?"

"బోర్డు ఇదే. నేను మాత్రం బస్సు ఎక్కేదాన్ని గాదు."

మునికుమార్ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. ఏ పథకం వేసినా ఈ మనిషి తనకన్నా ఒక స్టాపు ముందే దిగి నిలబడి ఉంటుందని అర్థమైంది. పక్కన ఆమె భుజం తగులుతోంది కాబట్టి పెద్దగా బాధ కలగలేదు.

ఇంటి ముందుకు వచ్చాక లోకేశ్వరి ఆగిపోయింది.

వాకిట్లో ముగ్గు ఉంది. ఆనాటిదే. గీత కొంచెం మాసింది, ఒక చక్రం దగ్గర బొటనవేలు తగిలిన మరక, పక్కన చిక్కుకుపోయిన ఒక చీమ. దాని మీద గాజులా తళతళమనే పూత.

ఆమె కూర్చుని వేలితో తడిమింది. పిండి అంటలేదు. "ఏందిది?"

"కోటింగ్. కార్లకి కొడతామే, అదే."

"వాకిలికా?"

"మబ్బు పట్టింది... పోతాదేమోనని. నువ్వొచ్చేదాకన్నా ఉండల్లని."

లోకేశ్వరి ఆ గీత వెంబడే బంపర్ నుంచి మళ్లీ బంపర్ దాకా వేలు పోనిచ్చింది. కొంగుతో కళ్లు తుడుచుకుని లేచి లోపలికి పోయి, ముగ్గుపిండి డబ్బా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"ఎన్నాళ్లుంటాది ఇది?"

"మూడేండ్లు గ్యారంటీ."

"అయితే మూడేండ్లు పక్కన ముగ్గు నువ్వే పెట్టల్ల. చుక్కలు నేను చెప్తా."

మర్నాడు పొద్దున ఆకు పసరు వాసన వదలని చేతులతో మునికుమార్ వాకిట్లో గొంతుక్కూర్చుని చుక్కలు పెడుతున్నాడు. పాలాయన సైకిలు ఆపి మరీ చూసి పోయాడు. లోకేశ్వరి కాఫీ గ్లాసుతో గడప మీద నిలబడింది.

"ఆ చుక్క వంకర పోయింది."

చెరిపి మళ్లీ పెట్టాడు. అదీ వంకరే. మళ్లీ చెరిపాడు. సరిగ్గా పెట్టేస్తే ఆమె లోపలికి వెళ్లిపోతుందని, మూడోదాన్ని కావాలనే ఇంకా పక్కకు పెట్టాడు.

"యాడికీ పోనులే," అంది లోకేశ్వరి, గడప మీద కూర్చుంటూ. "సక్కంగా పెట్టు."